పన్నుపోటు

తెలుగులో ‘పన్ను’ అన్న మాట ఏకవచనంలో ఉన్నంతసేపూ రెండర్థాలు మోస్తుంది. ఒకటి ఖజానాకు కట్టేది, రెండోది నోట్లో ఉండేది. బహువచనంలోకి వచ్చేసరికి దారులు వేరవుతాయి: అవి పన్నులు, ఇవి పళ్ళు. పత్రికలో ‘పన్నుపోటు’ అన్న శీర్షిక కనబడితే అది మొదటిదాని గురించేనని పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. బడ్జెట్ నాటి రాత్రి టీవీ చర్చల్లో దొర్లే అంకెలన్నీ దానివే. రెండో పన్నుపోటు ఏ చర్చకూ రాదు. అర్ధరాత్రి దిండుకు దవడ ఆనించుకుని ఎవరికి వారు భరించవలసిందే. ఈ మధ్య ఒకసారి మాత్రం రెండర్థాలూ ఒకే వార్తలో కలిశాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి టూత్‌పేస్టు, టూత్‌బ్రష్షుల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పళ్ళు తోముకునే సామగ్రి మీద భారం తగ్గడం మంచిదే. తోముకున్న ఆ పన్ను పగిలితే ఎవరు చూస్తారన్న ప్రశ్న మాత్రం ఆ వార్తలో లేదు.

జంషెడ్‌పూర్‌లోని కద్మాలో నివసించే ఒక తెలుగు కార్మికుడికి ఆ ప్రశ్న వేయించిన శనగల పొట్లంలో ఎదురైంది. నలభై నాలుగేళ్ళ మనిషి. ఉక్కు పరిశ్రమలో ఒక ఠేకేదారు కింద పని. ఉదయం షిఫ్టు ముగించుకుని వస్తూ సాక్చీ బజారులో భూంజా కొనుక్కున్నాడు. శనగలు, మరమరాలు, ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపి ఇచ్చే ఆ చిరుతిండి బిహార్, జార్ఖండ్‌లలో కూలివాడికీ గుమాస్తాకూ ఒకటే. గింజలను కాగిన ఇసుకలో వేయిస్తారు. జల్లెడకు చిక్కని చిన్న రాయి ఒకటి కుడివైపు కింది దవడ పన్ను కింద పడింది. టక్కుమన్న చప్పుడు చెవి లోపలి నుంచి వినిపించింది. అరచేతిలోకి ఉమ్మి చూసుకుంటే రాయి ఉంది, పంటి ముక్క ఏదీ లేదు. నాలుకతో తడిమి చూసుకుంటే అంతా సజావుగానే ఉంది. ఇంటికి చేరి కుండలో నీళ్ళు ముంచుకుని తాగినప్పుడు మాత్రం ఆ పన్ను జివ్వుమంది.

ఆ తరువాతి రోజులు దిగులుకు చెందినవి. పంటి దిగులుకు ఒక విచిత్ర లక్షణం ఉంది. కాలు నొప్పి పెడితే నడిచినప్పుడే గుర్తుకు వస్తుంది. పన్ను అనుమానంగా ఉంటే నాలుక నిద్రలో కూడా దాని దగ్గరే కాపలా కాస్తుంది. అతడు ఎడమవైపుతో నమలడం మొదలుపెట్టాడు. సెల్‌ఫోన్ దీపం నోట్లోకి వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. గీత కనబడినట్టే ఉంటుంది, తేరిపార చూస్తే ఉండదు. తల్లి లవంగం ఇచ్చి “పంటి కింద పెట్టుకో నాయనా, తగ్గిపోద్ది” అంది. పనిచోట ఒక సహచరుడు చిటికెడు ఖైనీ ఇచ్చాడు. భార్య “ఓసారి చూపించుకోరాదా” అని రెండుసార్లు అని, మూడోసారి అనడం మానేసింది. చూపించుకోవాలంటే ఒక పూట పని పోవాలి, ఒక రోజు కూలి పోవాలి. వైద్యుడు ఏం చెబుతాడో, ఎంత అడుగుతాడో తెలియదు. వెళ్ళనంతకాలం అది చిన్న విషయమే అయ్యే అవకాశం ఉంది. వెళ్ళడమంటే ఆ అవకాశాన్ని చేతులారా వదులుకోవడమని అతడికి తోచింది.

నిజానికి అది చిన్న విషయమే కావచ్చు కూడా. గట్టి వస్తువు కొరికినప్పుడు పంటిని ఎముకకు పట్టి ఉంచే సున్నితమైన తంతువుల కట్టు కమిలి, నాలుగు రోజులు నొప్పి పెట్టి, తనంతట తానే తగ్గిపోవడం ఉన్నదే. పాత ఫిల్లింగు కదిలి ఉండవచ్చు. మూడో సంభావ్యత పన్ను నిలువునా చిట్లడం. దీనికి ‘పగిలిన పంటి లక్షణ సముదాయం’ అన్న అర్థంలో కామెరాన్ అనే దంతవైద్యుడు 1964లో ఒక పేరు పెట్టాడు, అదే వాడుకలో స్థిరపడింది. దాని ప్రవర్తన తెలిస్తే సామాన్యుడి అయోమయం ఎందుకో అర్థమవుతుంది. పంటి పైపొర ఎనామిల్ శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయితే అందులో జీవకణాలు లేవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది, చిట్లిన ఎనామిల్ మాత్రం తిరిగి కలవదు. దాని కింద ఉండే డెంటిన్ నిండా కంటికి కనబడని సన్నని గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. కొరికినప్పుడు చీలిక కొద్దిగా విచ్చుకుంటుంది, వదిలినప్పుడు మూసుకుంటుంది. ఆ కదలికకు లోపలి ద్రవం ఒక్కసారిగా కదిలి నరాన్ని తాకుతుంది. అందుకే చాలామందికి నొప్పి కొరికినప్పటి కంటే కొరుకు వదిలినప్పుడు మెరుపులా వస్తుంది. చల్లని నీటికి జివ్వుమనడానికీ కారణం అదే.

ఇంతా చేసి ఈ చీలిక ఎక్స్‌రేలో తరచుగా కనబడదు. చీలిక దిశ ఎక్స్‌రే పలకకు సమాంతరంగా ఉండడమే అందుకు ముఖ్య కారణం. పన్ను చూడటానికి నిక్షేపంగా ఉంటుంది, ఎక్స్‌రేలో నిక్షేపంగా ఉంటుంది, రోగి ఒక్కడే బాధ ఉందంటాడు. సాక్ష్యం లేని ఫిర్యాదుకు ఎక్కడైనా పట్టే గతి తెలిసిందే. అందుకే దంతవైద్యులు వేరే పద్ధతులు వాడతారు. పంటి మీది ఒక్కొక్క మొన మీద చిన్న సాధనం పెట్టి కొరికి వదలమంటారు. పక్క నుంచి వెలుగు వేసి చూస్తారు. చల్లదనం తగిలించి, తీసేశాక నొప్పి ఎంతసేపు నిలుస్తుందో గమనిస్తారు. కొన్ని క్షణాల్లో పోతే లోపలి దంతమజ్జ ఇంకా కోలుకునే స్థితిలో ఉందని అర్థం. నిమిషాల తరబడి సలిపితే, ఏ కారణమూ లేకుండా రాత్రిళ్ళు పోటు పెడితే, గడువు దాటిందని అనుమానించాలి. దవడ వాచడం, జ్వరం రావడం, నోరు తెరవడమో మింగడమో కష్టం కావడం జరిగితే లవంగాలతో కాలక్షేపం చేయకుండా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

మూడో వారంలో అతడు ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళాడు. కొరికి వదిలే పరీక్షలో నాలుగో మొన దగ్గర కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. నరం ఇంకా బతికే ఉందని, ఇప్పుడే క్యాప్ వేసి చీలిక విచ్చుకోకుండా బిగించేస్తే పన్ను నిలిచే అవకాశం బాగానే ఉందని, ఆలస్యమైతే రూట్ కెనాల్ కూడా కావలసి వస్తుందని, చీలిక వేరు దాకా దిగితే తీసేయడం తప్ప దారి లేదని వైద్యుడు ఓపికగా చెప్పాడు. అంతా విని అతడు అడిగిన ప్రశ్న ఒక్కటే: “తీసేస్తే ఎంతవుద్ది సార్?” పన్ను తీయడానికి వందలు, నిలబెట్టడానికి వేలు. దేశంలో పేదవాడి దంతవైద్యం ఈ లెక్క దగ్గరే తేలిపోతుంది.

ఈ ప్రశ్న జంషెడ్‌పూర్‌లో వినబడడం ఒక చారిత్రక విడ్డూరం. సాక్చీ అనే పల్లె 1919లో జంషెడ్‌జీ టాటా పేరిట జంషెడ్‌పూర్ అయింది. అంతకుముందే 1912లో ఇక్కడ ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. 1915లో కార్మికులకు ఉచిత వైద్యం, 1920లో భవిష్యనిధి, జీతంతో కూడిన సెలవు వచ్చాయి. 1920లోనే కార్మిక సంఘమూ పుట్టింది. 1928 సమ్మె కాలంలో సుభాష్ చంద్రబోస్ ఆ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. దేశంలో చట్టాలు రాకముందే ఇక్కడ హక్కులు వచ్చాయని ఈ ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. ఆ గర్వంలో ఉత్తరాంధ్ర వాటా కూడా ఉంది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైలెక్కి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. బిస్టూపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ళ ఉనికికి గుర్తుగా నిలిచింది.

ఈ మనిషి తాత అలా వచ్చినవాడే. కొలిమి దగ్గర పనిచేశాడు. ఆయన పిప్పి పళ్ళను కంపెనీ ఆసుపత్రిలో కానీ ఖర్చు లేకుండా తీశారు. తండ్రి శాశ్వత ఉద్యోగి. చేతిలో వైద్యం కార్డు ఉండేది, ఆయన నోటి వైద్యం ఆ కార్డు మీదే జరిగింది. మూడో తరానికి వచ్చేసరికి సంస్కరణల కాలం వచ్చింది. 1990ల నడుమ నుంచి పదేళ్ళలో టాటా స్టీల్ శాశ్వత ఉద్యోగుల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. దేశంలోని ఇతర భారీ పరిశ్రమల్లో జరిగినట్టే ఇక్కడా పనిలో పెద్ద భాగం ఠేకేదార్ల చేతికి పోయింది. మనవడు అదే ఊళ్ళో, అదే ఉక్కు మధ్య, తాతకు ఉన్నలాంటి దవడతోనే పనిచేస్తున్నాడు. ఆ దవడకు పూచీ పడేవాడు మారిపోయాడు. ఠేకేదారు కూలీకి కార్మిక రాజ్య బీమా ఉంటుంది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి వర్తించే పథకం అది. ఆదిత్యపూర్‌లో దాని ఆసుపత్రి కూడా ఉంది. నది దాటి అక్కడికి వెళ్ళడం, వరుసలో నిలబడడం, పన్ను తీయడానికైతే ఇవాళ, నిలబెట్టడానికైతే ఎప్పుడో అన్న సమాధానం కోసం కూలి పోగొట్టుకోవడం అతడి లెక్కకు కుదరలేదు. ఇది చాలదన్నట్టు నగర నడిబొడ్డుకు ఈనాటికీ ఎన్నికైన పురపాలక సంఘం లేదు. ఫలానా వైద్యం మా వార్డుకు కావాలని అడగడానికి ఒక కార్పొరేటరు గుమ్మం కూడా లేదు.

అయితే కేంద్రం మాటేమిటి? ఐదు లక్షల రూపాయల ఆరోగ్య బీమా అన్న ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 2018 సెప్టెంబరు 23న ప్రారంభించింది ఈ రాష్ట్ర రాజధాని రాంచీలోనే. ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి కోసం. పుచ్చు పూడ్చడం, రూట్ కెనాల్, అరుగుదల వంటి దంతవైద్యం దాని మినహాయింపుల జాబితాలో ఉంది. ఆసుపత్రిలో చేర్చవలసినంత జబ్బో గాయమో అయితే తప్ప లెక్కలోకి రాదు. దవడ ఎముక విరిగితే బీమా ఉంది. నోటికి క్యాన్సర్ వస్తే బీమా ఉంది. పన్ను చిట్లితే లేదు. ఈ తర్కాన్ని క్షేత్రంలో నిలబెట్టి చూడాలి. పన్ను నొప్పికి వైద్యం అందని మనిషి చిటికెడు ఖైనీ బుగ్గన పెట్టుకుంటాడు. జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో పొగాకు కలిపిన గుడాఖూతో పళ్ళు తోముకునేవారు ఎందరో. శ్రీకాకుళం తీరంలో చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు, దానివల్ల అంగిట్లో పుట్టే క్యాన్సర్ వైద్య గ్రంథాలకెక్కాయి. పొగాకు కొన్నాళ్ళు నొప్పిని మరిపిస్తుంది, ఆ మీదట అలవాటై కూర్చుంటుంది. అది చివరికి పుండైతే అప్పుడు ప్రభుత్వం ఐదు లక్షలతో తలుపు తీస్తుంది. వేలల్లో ముగిసే దశలో తలుపు మూసి, లక్షలు అయ్యే దశలో తెరవడం పొదుపు అనిపించుకోదు.

పళ్ళను శరీరం నుంచి వేరుచేయడం భారతీయ ప్రభుత్వాలు కనిపెట్టిన విద్యేమీ కాదు. ప్రపంచంలో తొలి దంతవైద్య కళాశాల 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వైద్య కళాశాలకు వెలుపల, వేరే సంస్థగా పుట్టింది. చదువు వేరైంది, వృత్తి వేరైంది, తరువాత బీమా కూడా వేరైంది. 1965లో అమెరికా వృద్ధుల కోసం తెచ్చిన మెడికేర్ మామూలు దంతవైద్యాన్ని బయటే ఉంచింది. బ్రిటన్ మాత్రం 1948లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభించినప్పుడు పళ్ళనూ కళ్ళనూ లోపలికి తీసుకుంది. మూడేళ్ళు తిరగకుండానే, 1951 ఏప్రిల్ బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి గేట్‌స్కెల్ కట్టుడు పళ్ళ మీద, కళ్ళద్దాల మీద రుసుము ప్రతిపాదించాడు. ఆ సేవను నిర్మించిన అన్యూరిన్ బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. తరువాతి కాలంలో ప్రధాని అయిన హెరాల్డ్ విల్సన్ కూడా ఆయనతో పాటు బయటికి వచ్చాడు. ఆ అక్టోబరులో లేబర్ ప్రభుత్వమే పోయింది. కట్టుడు పళ్ళ కోసం మంత్రులు పదవులు వదులుకున్న రోజు ఒకటి చరిత్రలో ఉంది. కెనడాలో 2022లో మైనారిటీ ప్రభుత్వానికి మద్దతు ఇచ్చినందుకు న్యూ డెమోక్రటిక్ పార్టీ అడిగిన మూల్యాల్లో దంతవైద్య పథకం ఒకటి. 2024 నుంచి అక్కడ చికిత్సలు మొదలయ్యాయి. మద్దతుకు బదులుగా మంత్రిత్వ శాఖలే కాక పళ్ళు కూడా అడగవచ్చని ఆ పార్టీ చూపించింది.

భారతదేశంలో ఆ తీగ ఎక్కడ తెగిందో చెప్పడం కష్టం. జంషెడ్‌పూర్ కార్మికులు సంఘం పెట్టుకున్న 1920లోనే, కొద్ది గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ దేశపు తొలి దంతవైద్య కళాశాల స్థాపించాడు. స్వాతంత్ర్యానంతరం ఆయన పశ్చిమ బెంగాల్‌లో మంత్రి కూడా అయ్యాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. ఇప్పుడు దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలు ఉన్నాయి, అందులో అధికభాగం ప్రైవేటువి. జంషెడ్‌పూర్‌లోనూ ఒకటి ఉంది. 2014–15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఆయుష్మాన్ ఆరోగ్య కేంద్రాల సేవల జాబితాలో ప్రాథమిక నోటి సంరక్షణ చేరింది. కాగితం మీద కొరత లేదు. వైద్యులకు కొరత లేదు. కొరత ఉన్నది చిట్లిన పన్నుకు క్యాప్ వేసే ఖర్చును ఎవరో ఒకరు భరించే ఏర్పాటుకు.

పళ్ళు ఒక్కసారి మాత్రం తెలుగునాట బ్యాలెట్ పత్రం మీదికి ఎక్కాయి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారకట్టి, ఎముకలు వంగిపోయిన నల్లగొండ జనం 1996 లోక్‌సభ ఎన్నికల్లో తమ గోడు వినిపించడానికి వందలుగా నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. దేశం అటు తిరిగి చూసింది. అక్కడ ఊళ్ళకు ఊళ్ళే ఒకే నీటితో దెబ్బతిన్నాయి గనుక బాధకు సంఖ్య ఉంది, సంఖ్యకు రాజకీయం ఉంది. భూంజాలో రాయి ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజున తగులుతుంది. చిట్లిన పళ్ళకు నియోజకవర్గం లేదు. ప్రపంచవ్యాప్తంగా నోటి జబ్బులున్నవారు దాదాపు 350 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది. అంతమంది ఉండీ ఎవరికి వారే బాధపడడం వల్ల అది ఎన్నికల అంశం కావడం లేదు. “పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం” అన్న సామెతను ఓటర్లు పార్టీల గురించి వాడతారు. ఆ నిస్పృహలో పళ్ళు ఊడడం అనివార్యమన్న ఒప్పుకోలు ముందే ఉంది. అనివార్యం కాదని వైద్యం నూరేళ్ళుగా చెబుతోంది.

కద్మా కార్మికుడు దుర్గాపూజ బోనస్ వచ్చాక క్యాప్ వేయించుకుందామని నిర్ణయించుకున్నాడు. ఆ ఊళ్ళో ఏ ఖర్చయినా పూజ బోనస్ వైపే చూస్తుంది. పూజకు నెల ముందు నొప్పి ఆగిపోయింది. చల్లని నీళ్ళు తాగినా జివ్వుమనలేదు. ఇంట్లో అందరూ సంతోషించారు. తల్లి లవంగాలకు ఆ ఘనత దక్కింది. బోనస్ డబ్బు కూతురి కళాశాల రుసుముకు పోయింది. పన్ను విషయంలో నిశ్శబ్దం రెండు రకాలు. ఒకటి నయమైన పన్నుది, రెండోది లోపల నరం చచ్చిపోయిన పన్నుది. బయటి నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. వేరు కింద చీము పట్టి చలికాలంలో దవడ వాచినప్పుడు అతడిది ఏ రకమో తెలిసింది. అప్పటికి చీలిక వేరు దాకా దిగింది. పన్ను తీసేశారు, వందల్లోనే అయిపోయింది. ఆసుపత్రిలో చేరలేదు గనుక అతడి పేరు ఏ పథకం లెక్కల్లోనూ లేదు. ఫిర్యాదు చేయలేదు గనుక ఏ అర్జీల దస్త్రంలోనూ లేదు. జార్ఖండ్‌లో పంటి వైద్యం అందక బాధపడుతున్నవారు ఎందరని రేపు సభలో ఎవరైనా అడిగితే, మంత్రి చదివే సమాధానంలో అతడు సమస్య లేనివాళ్ళలో ఉంటాడు.